గద్ద గూట్లో డేగ పిల్ల: తిండిగా తెచ్చినదాన్ని పెంచడం ఎలా జరుగుతుంది

కెనడా పశ్చిమ తీరంలో, బ్రిటిష్ కొలంబియాలో గాబ్రియోలా అని ఒక చిన్న దీవి ఉంది. గాయపడిన పక్షుల్నీ జంతువుల్నీ చూసుకునే అక్కడి సంస్థ ఒకటి బాల్డ్ ఈగిల్ అనే గద్ద గూటి మీద కెమెరా పెట్టి లైవ్ నడిపిస్తుంటుంది. 2022 జూన్ మొదట్లో ఆ కెమెరాలో ఒక విచిత్రం రికార్డయింది. తల్లి గద్ద బతికున్న పిల్ల పక్షిని కాళ్ళతో పట్టుకొచ్చి గూట్లో పడేసింది. అది రెడ్ టెయిల్డ్ హాక్ పిల్ల, అంటే ఎర్రతోక డేగ పిల్ల. గూట్లో అప్పటికే ఒక గద్ద పిల్ల ఉంది, ఒళ్ళు బాగా పెరిగింది, ఆకలి మీద ఉంది, తిండి వచ్చిందని ముందుకి ఉరికింది. చూస్తున్నవాళ్ళంతా ఇక ఆ డేగ పిల్ల పని అయిపోయిందనే అనుకున్నారు. కానీ అది చావలేదు. లేచి కూర్చుని నోరు తెరిచి అరిచింది. కాసేపటికి దాన్ని పట్టుకొచ్చిన తల్లే మాంసం చీల్చి దాని నోట్లో పెట్టడం మొదలుపెట్టింది.

చూస్తున్నవాళ్ళు దానికి మలాలా అని పేరు పెట్టారు. ఆ వేసవిలోనే అది ఎగరడం కూడా నేర్చుకుంది.

ఇది మొదటిసారి కాదు. అదే తీరంలో వాంకూవర్ ఐలండ్ మీద సిడ్నీ అనే ఊరు ఉంది (ఆస్ట్రేలియా సిడ్నీ కాదు), 2017లో అక్కడి రాబర్ట్స్ బే దగ్గర ఒక బాల్డ్ ఈగిల్ జంట తమ 3 పిల్లలతో పాటు ఒక డేగ పిల్లని పెంచింది, దానికి స్పంకీ అని పేరు పెట్టారు, వార్త ప్రపంచమంతా పాకింది. 2023లో కాలిఫోర్నియాలో శాంటా క్లారా కౌంటీలో ఇంకో గూట్లో ఇదే కథ, అక్కడ డేగ పిల్ల పేరు టఫీ. ఇంకా వెనక్కి వెళ్తే 1990ల మొదట్లోనే వేటపక్షుల మీద పరిశోధన చేసేవాళ్ళ జర్నల్‌లో దీని గురించి చిన్న చిన్న నోట్స్ వచ్చాయి, ఒకటి మిషిగన్ నుంచి, ఇంకోటి వాషింగ్టన్ రాష్ట్రం నుంచి. అంటే సోషల్ మీడియా వచ్చాక పుట్టిన వింత కాదు ఇది, ఎప్పటినుంచో అరుదుగా జరుగుతూనే ఉంది, ఇప్పుడు కెమెరాలు ఉన్నాయి కాబట్టి మన కళ్ళబడుతోంది.

ఇలాంటి వీడియో వచ్చిన ప్రతిసారీ కింద ఒకటే మాట ఉంటుంది, తల్లి ప్రేమకి జాతి అడ్డం కాదు అని. వినడానికి బాగుంటుంది. కానీ అదే తల్లి ఆ పిల్లని ఎక్కడినుంచి తెచ్చిందో, దాని అసలు అమ్మానాన్నల గూటిని ఏం చేసి వచ్చిందో ఆలోచిస్తే ఆ మాట అక్కడ అతకదు. అసలు జరిగేది ప్రేమకథ కన్నా చాలా లోతుగా ఉంటుంది, దాన్ని దాని లెక్కలోనే అర్థం చేసుకోవాలి.

ముందు ఈ రెండు పక్షులకీ మధ్య తేడా తెలియాలి. బాల్డ్ ఈగిల్ అంటే పెద్దయ్యాక తలా తోకా తెల్లగా, ఒళ్ళు ముదురు గోధుమ రంగులో ఉండే పక్షి, బరువు 3 నుంచి 6 కిలోల దాకా ఉంటుంది, రెక్కలు చాపితే 2 మీటర్లు అటూ ఇటూ ఉంటుంది. పుట్టిన 5 ఏళ్ళకి గానీ ఆ తెల్లతల పూర్తిగా రాదు, అప్పటిదాకా ఒళ్ళంతా గోధుమ మచ్చలే. మన కోస్తాలో సముద్రం ఒడ్డున కనపడే తెల్లపొట్ట సముద్రపు గద్ద దీనికి దగ్గరి చుట్టమే, రెండిటికీ చేపలంటే ప్రాణం. రెడ్ టెయిల్డ్ హాక్ దీని ముందు చిన్నది, కిలో అటూ ఇటూ ఉంటుంది, ఒకటిన్నర కిలో దాటడం అరుదు. ఎలుకలు, ఉడతలు, కుందేళ్ళు, పాములు దాని తిండి. అమెరికాలో ఉన్న మనవాళ్ళు దీన్ని రోజూ చూస్తూనే ఉంటారు, హైవే పక్కన లైట్ పోల్ మీద కూర్చుని గడ్డిలోకి చూస్తూ కనపడే పెద్ద డేగ చాలాసార్లు ఇదే. ఇంకో సంగతి, సినిమాల్లో బాల్డ్ ఈగిల్‌ని చూపించినప్పుడు వినపడే ఒళ్ళు జలదరించే ఆ కేక నిజానికి ఈ డేగది, బాల్డ్ ఈగిల్ అసలు గొంతు సన్నగా కిచకిచలాడినట్టు ఉంటుంది కాబట్టి సౌండ్ వాళ్ళు మార్చేస్తారు.

బయట ఈ రెండిటికీ అస్సలు పడదు. గద్ద తమ గూటి దగ్గరికి వస్తే డేగలు జంటగా పైనుంచి దూకి తరుముతాయి. గద్దకేమో డేగ పిల్లలు తిండే. బాల్డ్ ఈగిల్ ఎక్కువగా చేపల మీద బతికినా నీటి పక్షులు, సీగల్స్, కొంగ పిల్లలు, చచ్చిన జంతువులు ఏవీ వదలదు. బ్రిటిష్ కొలంబియా తీరంలో నీలికొంగల కాలనీల మీద గద్దలు దాడి చేసి పిల్లల్ని ఎత్తుకుపోవడం బాగా తెలిసిన విషయం. ఎంతగా అంటే కొన్ని కొంగలు కావాలనే ఒక గద్ద గూటికి దగ్గర్లో గూళ్ళు పెట్టుకుంటాయి, ఆ గద్ద తన ఏరియాలోకి వేరే గద్దల్ని రానివ్వదు కాబట్టి అప్పుడప్పుడు ఒకటో రెండో పిల్లలు పోయినా మొత్తం మీద లాభమే.

మరి డేగ పిల్ల గద్ద గూట్లోకి ఎలా వస్తుంది? సిడ్నీ కేసు బయటపడినప్పుడు రెండు మూడు వాదనలు నడిచాయి. డేగే వచ్చి గద్ద గూట్లో గుడ్డు పెట్టిపోయిందేమో అన్నది ఒకటి. మనకి కోకిల కథ తెలుసు కాబట్టి ఇది చటుక్కున నమ్మేలా ఉంటుంది, కానీ లెక్క కుదరదు. గద్దలు గుడ్లు పెట్టకముందు నుంచే గూటికి కాపలా ఉంటాయి, అంత పెద్ద పక్షి కూర్చున్న గూట్లోకి డేగ దిగి గుడ్డు పెట్టి క్షేమంగా వెళ్ళడం ఊహించడమే కష్టం. దానికన్నా గట్టి ఆధారం వయసు. బాల్డ్ ఈగిల్ గుడ్డు పొదగడానికి దాదాపు 35 రోజులు పడుతుంది, డేగ గుడ్డుకి 28 నుంచి 35. డేగ గుడ్డు గద్ద గుడ్లతో పాటు అదే గూట్లో ఉంటే పిల్లలన్నీ ఇంచుమించు ఒకేసారి బయటికి రావాలి, పైగా డేగ పిల్ల త్వరగా పెరిగే రకం కాబట్టి ముందే ఈకలు తొడగాలి. గాబ్రియోలా లాంటి చోట్ల కనపడింది వేరు, గద్ద పిల్ల అప్పటికే బాగా పెద్దది, డేగ పిల్ల ఇంకా తెల్ల నూగుతో ఉన్న పసిది. అంటే అది ఆ గూట్లో పుట్టలేదు, మధ్యలో వచ్చి చేరింది.

మెక్‌గిల్ యూనివర్సిటీలో చాలాకాలం వేటపక్షుల మీద పనిచేసి రిటైరైన డేవిడ్ బర్డ్, బ్రిటిష్ కొలంబియాలో దశాబ్దాలుగా గద్దల్ని గమనిస్తున్న డేవిడ్ హాన్‌కాక్ లాంటివాళ్ళు సిడ్నీ విషయంలో చెప్పింది కూడా ఇదే వైపు మొగ్గుతుంది, గద్ద డేగ గూటి మీద పడి పిల్లల్ని తిండిగా ఎత్తుకొచ్చింది, వాటిలో ఒకటి ప్రాణంతో గూటికి చేరింది అని. 2017లో అది ఊహే, ఎవరూ కళ్ళారా చూడలేదు. 5 ఏళ్ళ తర్వాత గాబ్రియోలా కెమెరా సరిగ్గా ఆ ఘట్టాన్నే పట్టుకుంది, అందుకే ఆ వీడియోకి అంత విలువ.

ప్రాణంతో ఎందుకు చేరుతుంది అంటే, గద్ద గోళ్ళతో బిగించి చంపుతుంది, తిరగబడే జంతువైతే ఇంకా గట్టిగా బిగిస్తుంది. గూట్లో కదలకుండా పడి ఉన్న నూగు పిల్ల తిరగబడదు, దాన్ని బిగించాల్సిన పని అంతగా ఉండదు, ఎత్తుకొచ్చేస్తుంది. గద్దలు సగం ప్రాణంతో ఉన్న చేపల్నీ పిల్ల పక్షుల్నీ గూటికి తేవడం మామూలే.

అసలు మలుపు గూట్లో దిగిన తర్వాతి కొద్ది నిమిషాల్లో ఉంది. తల్లి గద్ద తెచ్చింది తిండి. కానీ ఆ తిండి గూటి మధ్యలో కూర్చుని తల పైకెత్తి నోరు బార్లా తెరిచి ఆకలి కేక పెట్టింది. పిల్లల కాలంలో గద్ద ఒంట్లో ప్రొలాక్టిన్ లాంటి హార్మోన్లు బాగా ఉంటాయి, ఆ టైములో పిల్ల తెరిచిన నోరు, ఆ కేక, తలూపడం, ఇవన్నీ దానికి స్విచ్ నొక్కినట్టే. గూట్లో ఏదైనా నోరు తెరిస్తే మాంసం చీల్చి పెట్టాలి, అంతే. ఆ పిల్ల ఎవరిది, రంగేంటి, ముక్కు ఎలా ఉంది అనే పరీక్ష మధ్యలో లేదు. పెళ్ళి పంక్తిలో వడ్డించేవాళ్ళు నువ్వు మగపెళ్ళివారా ఆడపెళ్ళివారా అని అడగరు కదా, విస్తరి ముందు కూర్చుంటే వడ్డించుకుంటూ పోతారు, గద్ద గూట్లోనూ పద్ధతి అదే.

అంత పదునైన చూపున్న పక్షికి తన పిల్లేదో పరాయి పిల్లేదో ఎందుకు తెలియదు అని చాలామందికి వస్తుంది డౌటు. చూపు తక్కువై కాదు, ఆ తేడా పట్టుకోవాల్సిన అవసరం దాని చరిత్రలో ఎప్పుడూ రాలేదు కాబట్టి. గద్ద గూడు ఒంటరిగా ఎత్తైన చెట్టు మీద ఉంటుంది, ఏటేటా పుల్లలు చేరుస్తూ పెంచుతుంటాయి, ఫ్లోరిడాలో సెయింట్ పీటర్స్‌బర్గ్ దగ్గర కొలిచిన ఒక గూడు దాదాపు 3 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల లోతు, బరువు 2 టన్నుల పైమాటే. అలాంటి చోటికి పరాయి పిల్ల నడిచి రాదు, ఎగిరీ రాలేదు. గూట్లో ఉన్న పిల్ల తనదే అనుకుంటే లక్షసార్లలో ఒక్కసారి కూడా తప్పు కాదు. పెంగ్విన్ల సంగతి దీనికి పూర్తిగా రివర్స్, వేల పక్షుల మధ్య పిల్లలు కలిసిపోతాయి కాబట్టి అక్కడ అమ్మానాన్నలు తమ పిల్లని గొంతుతోనే గుర్తుపట్టి దానికి మాత్రమే పెడతాయి. గుర్తుపట్టకపోతే నష్టం ఉన్నచోటే గుర్తుపట్టే శక్తి పెరుగుతుంది. కాకిపిల్ల కాకికి ముద్దు అంటాం గానీ, తన గూట్లో ఉన్నంతవరకూ కోకిల పిల్లా కాకికి ముద్దే, మన ఊళ్ళలో ఎండాకాలం చివర్న కాకి తన వెనకే తిరిగే కోకిల పిల్ల నోట్లో మెతుకులు పెట్టడం చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. తేడా ఒక్కటే, కోకిల ఆ బలహీనతని తరతరాలుగా వాడుకుంటూ దాని మీదే బతుకుతోంది, డేగకి అలాంటి ఏర్పాటేమీ లేదు, అది గూట్లోకి వచ్చింది కేవలం తిండిగా.

ఈ రూల్ ఎంత బలమైందో చూడాలంటే అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలో వరల్డ్ బర్డ్ శాంక్చురీ అనే పక్షుల సంరక్షణ సంస్థలో ఉండిన మర్ఫీ కథ చూడాలి. 2023 నాటికి మర్ఫీ 31 ఏళ్ళ మగ బాల్డ్ ఈగిల్, ఎగరలేడు, జీవితంలో ఒక్క పిల్లని కూడా పెంచలేదు. ఆ ఏడాది వసంతంలో అతను నేల మీద గూడులాంటిది కట్టుకుని ఒక రాయిని పొదగడం మొదలుపెట్టాడు. దాని మీద కూర్చోవడం, దాని చుట్టూ పుల్లలు సర్దడం, పక్కన ఉన్న వేరే గద్దలు దగ్గరికొస్తే అరిచి మీదికి పోవడం. సరిగ్గా అదే టైములో గాలివానకి గూడు కూలి పడిపోయిన ఒక గద్ద పిల్ల ఆ సంస్థకి వచ్చింది. అక్కడివాళ్ళు జాగ్రత్తగా ముందు పిల్లని చిన్న బోనులో పెట్టి మర్ఫీ పక్కన ఉంచారు, తర్వాత వదిలారు. మర్ఫీకి ముక్కలు కోసిన తిండి కాకుండా పూర్తి చేప ఇచ్చి చూస్తే అతను దాన్ని చీల్చి ఆ పిల్ల నోట్లో పెట్టాడు. రాయి మీద కూర్చోవడం మానేశాడు. ఎవరూ నేర్పలేదు, ముందు అనుభవం లేదు, పిల్ల తనది కాదు. రాయి దగ్గర పొదిగే స్విచ్ పనిచేస్తే పిల్ల దగ్గర మేపే స్విచ్ పనిచేసింది. మర్ఫీ 2025 మార్చిలో తుఫాను రోజుల్లో చనిపోయాడు, అప్పటికి 33 ఏళ్ళు, మధ్యలో 2024లో ఇంకో పిల్లని కూడా పెంచాడు.

మనుషులు ఈ గుణాన్ని మంచికి వాడుకున్న సందర్భాలూ ఉన్నాయి. కాలిఫోర్నియా తీరానికి అవతల శాంటా కటలీనా దీవిలో డీడీటీ అనే పురుగుమందు అవశేషాల వల్ల గద్దల గుడ్ల పెంకులు పల్చబడి పొదిగేటప్పుడే పగిలిపోయేవి. పరిశోధకులు గూటికి ఎక్కి అసలు గుడ్లు తీసుకుని వాటి చోట బొమ్మ గుడ్లు పెట్టేవాళ్ళు, అసలువి ఇంక్యుబేటర్లో పొదిగించి పిల్లల్ని తెచ్చి గూట్లో ఉంచేవాళ్ళు. గద్దలు బొమ్మ గుడ్ల మీద కూర్చున్నాయి, ఒక్కసారిగా ప్రత్యక్షమైన పిల్లల్నీ మేపాయి. కొన్నేళ్ళు అలా నడిచాక, 2007లో గానీ అక్కడ మనిషి సాయం లేకుండా గుడ్డు పొదగలేదు. అనాథ గద్ద పిల్లల్ని వేరే గూళ్ళలో చేర్చడం రెస్క్యూ సంస్థలకి ఇప్పటికీ మామూలు పద్ధతి, అదే వయసు పిల్లలున్న గూడు వెతుక్కుంటారు, చాలావరకు పెద్ద గద్దలు మారుమాట లేకుండా పెంచుతాయి.

కాబట్టి తల్లి వైపు నుంచి చిక్కుముడి విడిపోయినట్టే. ఆశ్చర్యపోవాల్సింది అసలు పిల్లల విషయంలో. గద్ద పిల్లలు సొంత తోబుట్టువుల్నే చంపే రకం. ముందు పుట్టినది తర్వాత పుట్టినదాన్ని ముక్కుతో పొడిచి పొడిచి నీరసపడేలా చేస్తుంది, తిండి తక్కువైన ఏడాది చిన్నది బతకడం కష్టం. అలాంటి గూట్లోకి వేరే జాతి పిల్ల, అదీ సగం సైజు కూడా లేనిది వస్తే? సిడ్నీలో ఒకటి కాదు, 3 గద్ద పిల్లలు, స్పంకీని చూసిన నిపుణులే ఇది బతకడం కష్టమని మొదట్లో అన్నారు.

అది బతకడానికి కారణాల్లో పెద్దది తిండి. ఆ తీరం చేపలకీ పక్షులకీ లోటులేని చోటు, మూడు పిల్లలూ బతికి ఉన్నాయంటేనే ఆ గూటికి తిండి దండిగా వస్తోందని అర్థం, ఎందుకంటే బాల్డ్ ఈగిల్ గూట్లో మూడో పిల్ల దాకా బతకడం మామూలు విషయం కాదు. కడుపు నిండిన గద్ద పిల్లకి పక్కవాడి మీద పడాల్సిన తొందర లేదు. ఇంకొకటి వయసు. తోబుట్టువుల్ని పొడిచే కాలం ఎక్కువగా మొదటి కొన్ని వారాల్లోనే, తర్వాత ఆ దూకుడు తగ్గుతుంది. డేగ పిల్లలు వచ్చేసరికి వేసవి మొదలవుతుంది, గద్ద పిల్లలు అప్పటికే ఆ దశ దాటి ఉంటాయి. అదే డేగ పిల్ల ఒక నెల ముందు దొరికి ఉంటే కథ ఇలా ఉండేది కాదు.

డేగ పిల్ల తీరు కూడా పనికొచ్చింది. స్పంకీ చిన్నదైనా భయపడి మూలకి పోయే రకం కాదు. పెద్ద గద్ద తిండి తేగానే గద్ద పిల్లల కాళ్ళ సందుల్లోంచి దూరి ముందుకొచ్చేది, ముక్క అందగానే వెనక్కి పోయి తినేది. డేగ పిల్లలు సహజంగానే ఆకలికి గట్టిగా అరుస్తాయి, తల్లి ముందు అరిచేదానికే ముందు ముక్క. పైగా చిన్న ఒంటికి చిన్న ముక్కలే చాలు, గద్ద పిల్లల వాటాకి పెద్ద గండి పడదు.

ఇక్కడ ఒక మాట ఖచ్చితంగా చెప్పుకోవాలి. మనకి పేర్లు తెలిసినవి స్పంకీ, మలాలా, టఫీ. గూట్లోకి వచ్చి నోరు తెరిచేలోపే చీలిపోయిన పిల్లలకి ఎవరూ పేరు పెట్టలేదు, వాటి వీడియోలు వైరల్ అవ్వలేదు. బతికినవాటినే లెక్కేసుకుని గద్దలు డేగ పిల్లల్ని దత్తత తీసుకుంటాయి అని చెప్పడం తప్పు దారి పట్టించడమే. గద్ద గూటికి వచ్చిన డేగ పిల్లల్లో అత్యధికం తిండిగానే ముగుస్తాయి. దిగిన క్షణంలో తల్లికి ఎంత ఆకలి, పిల్లకి గాయం ఎంత, పిల్ల నోరు తెరిచిందా లేదా, గద్ద పిల్ల మీద పడే దూరంలో ఉందా, ఇన్ని కలిసొస్తే గానీ అది రెండో పూట చూడదు.

బతికి పెరిగిన డేగకి ఇంకో పరీక్ష ఉంది, తను ఏ జాతిదాన్నని అనుకుని పెరుగుతుంది అన్నది. పిల్ల పక్షులు చిన్నప్పుడు తమని పెంచినవాళ్ళని చూసే తమ జాతి ఏదో గుర్తు వేసుకుంటాయి, పెద్దయ్యాక జంట వెతుక్కునేటప్పుడు ఆ గుర్తు పనిచేస్తుంది. దీన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో అమెరికాలో హూపింగ్ క్రేన్లనే తెల్ల కొంగల విషయంలో తేలింది. అంతరించే దశలో ఉన్న వాటిని పెంచాలని 1975 నుంచి ఐడహో రాష్ట్రంలో గ్రేస్ లేక్ దగ్గర వాటి గుడ్లు తెచ్చి శాండ్‌హిల్ క్రేన్ల గూళ్ళలో పెట్టారు, 280కి పైగా గుడ్లు. శాండ్‌హిల్ క్రేన్లు శ్రద్ధగా పెంచాయి, వలస దారి కూడా నేర్పాయి. కానీ పెద్దయ్యాక ఆ హూపింగ్ క్రేన్లు ఒకదానితో ఒకటి జతకట్టలేదు, వాటి కంటికి తమవాళ్ళంటే శాండ్‌హిల్ క్రేన్లే. చివరికి ఆ ప్రాజెక్టు ఆపేయాల్సి వచ్చింది. మంచి పెంపకం దొరికినంత మాత్రాన ఆ పక్షి తన జాతిలో కలిసిపోతుందని గ్యారంటీ లేదు.

డేగ విషయంలో పరిస్థితి కొంచెం మెరుగ్గా ఉండొచ్చు, ఎందుకంటే అది గద్ద గూటికి వచ్చేలోపు కొన్ని రోజులైనా సొంత అమ్మానాన్నల్ని చూసి ఉంటుంది. వేట విషయంలోనూ అంత బెంగ అక్కర్లేదు. డేగ దూకడం, గోళ్ళు చాపడం, కదిలేదాని మీద కన్ను వేయడం పుట్టుకతోనే వస్తాయి, అమ్మానాన్నలు నేర్పేది తక్కువ, ఆ నేర్చుకునే రోజుల్లో తిండి పెట్టి ఆదుకునేది ఎక్కువ. స్పంకీ దీనికి సాక్ష్యం. పెంచినవి చేపలు పట్టే గద్దలు, ఆ గూట్లో ఎలుకని పట్టి చూపించినవాళ్ళు ఎవరూ లేరు, అయినా ఎగరడం మొదలైన కొద్ది రోజులకే అది సొంతంగా వేటాడటం గమనించారు.

ఎగిరే టైములో కూడా రెండు జాతుల గడియారాలు వేరు. డేగ పిల్ల 6, 7 వారాలకే గూడు వదులుతుంది, గద్ద పిల్లకి 10 నుంచి 12 వారాలు పడుతుంది. అందుకే ఆలస్యంగా వచ్చినా, అందరికన్నా చిన్నదైనా డేగ పిల్ల గద్ద పిల్లలతో ఇంచుమించు ఒకే రోజుల్లో రెక్క విప్పుతుంది. గూడు దాటాక ఉండే ప్రమాదం వేరే. గద్దని చూస్తే పారిపోవాలని ప్రతి డేగ పిల్లకీ అమ్మానాన్నల అరుపులతో తెలుస్తుంది. గద్ద గూట్లో పెరిగినదానికి తెల్లతల కనపడితే తిండి వచ్చినట్టు. తనని పెంచిన జంట దగ్గరికి అరుస్తూ వెళ్తే ముక్క దొరుకుతుంది, పక్క ఏరియా గద్ద దగ్గరికి అలాగే వెళ్తే అదే ముక్క అవుతుంది. గూట్లో దాన్ని కాపాడిన అలవాటే బయట దానికి ఉరి అయ్యే అవకాశం ఉందన్నమాట.

సిడ్నీలో స్పంకీ ఉందని తెలియగానే దాన్ని అక్కడినుంచి తీసి కాపాడండి అని చాలామంది గొడవ పెట్టారు. ఆ ఆత్రం అర్థం చేసుకోగలిగిందే, కానీ అక్కడ చెయ్యి పెట్టకపోవడమే సరైన నిర్ణయం. అంత ఎత్తు చెట్టు మీద మనిషి ఎక్కితే పెద్ద గద్దలు బెదిరి గూటికి రావడం మానేయొచ్చు, ఇంకా ఎగరలేని గద్ద పిల్లలు కంగారులో కిందికి దూకేయొచ్చు, ఒకదాన్ని కాపాడబోయి నాలుగిటినీ పోగొట్టుకోవడం అవుతుంది. చట్టం కూడా ఒప్పుకోదు, బ్రిటిష్ కొలంబియాలో గద్ద గూడు ఖాళీగా ఉన్నా సరే ముట్టుకోకూడదు, అమెరికాలో 1940 నుంచే గద్దల్ని ఇబ్బంది పెట్టడం నేరం. పైగా మనిషి చేతిలో పెరిగిన డేగ మనిషిని చూసి గుర్తు వేసుకుంటుంది, గద్ద గూట్లో ఉన్నప్పుడు ఉన్న సమస్య కన్నా అది పెద్దది.

ఇలాంటివి ముందుముందు ఇంకా కనపడతాయనే అనుకోవాలి. 1963లో అలాస్కాని వదిలేస్తే అమెరికా మొత్తం మీద మిగిలిన బాల్డ్ ఈగిల్ జంటలు 417. 1972లో డీడీటీ వాడకం నిషేధించారు, గూళ్ళకి రక్షణ ఇచ్చారు, 2007లో ప్రమాదంలో ఉన్న జాతుల జాబితా నుంచి తీసేశారు, 2021లో ప్రభుత్వం ఇచ్చిన లెక్క ప్రకారం అదే ప్రాంతంలో 71 వేలకి పైగా జంటలు గూళ్ళు పెడుతున్నాయి. 2024 డిసెంబర్లో దీన్ని అధికారికంగా జాతీయ పక్షిని చేశారు. ఇన్ని గద్దలు పెరిగాక అవి డేగలు ఉండే ఊళ్ళ అంచులకీ, రిజర్వాయర్ల దగ్గరికీ వచ్చి గూళ్ళు పెడుతున్నాయి, శాంటా క్లారా గూడు కూడా జనం బాగా ఉన్న సిలికాన్ వ్యాలీ కౌంటీలోదే. గద్ద గూడూ డేగ గూడూ దగ్గరపడే కొద్దీ డేగ గూళ్ళ మీద దాడులు పెరుగుతాయి, వందల గూళ్ళ మీద కెమెరాలు రాత్రింబగళ్ళు నడుస్తున్నాయి కాబట్టి ఎప్పుడో ఒకసారి నోరు తెరిచి బతికిపోయే పిల్ల కూడా మన కంటపడుతుంది. అలాంటి వీడియో ఈసారి ఎదురైతే మేపడం మొదలైన చోటు నుంచి కాకుండా గద్ద గూట్లో దిగిన క్షణం నుంచి చూడండి. పిల్ల తల ఎత్తడానికీ తల్లి మొదటి ముక్క చీల్చడానికీ మధ్య ఎంతసేపు పట్టింది, గద్ద పిల్ల ఎంత దూరంలో ఉంది, గూట్లో అప్పటికే మిగిలిన చేప ఏమైనా పడి ఉందా, అసలు సంగతంతా అక్కడే ఉంటుంది.